విడిదింటి నమూనాలు

మగపెళ్లివారికి కాఫీలు ఆపించిందని వైదేహి మీద ఆ పెళ్లిలో చిన్న సైజు రభసే జరిగింది.

పెళ్లి ఆవిడ పిన్ని కూతురిది. ఊరు చిప్పలపాలెం, శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున పడవలూ వలలూ తప్ప ఇంకో ఆస్తి లేని పల్లె. పెళ్లికొడుకువాళ్లు నెల్లూరు వైపు నుంచి బస్సులు కట్టుకుని దిగారు. వాళ్లూ వలేసి బతికేవాళ్లే. హైస్కూల్లో విడిది ఇచ్చారు. రాత్రంతా ప్రయాణం చేసి ఒళ్లు హూనమైన మనుషులు పళ్లు తోముకుని కాఫీ కోసం కాచుక్కూచుంటే, కాఫీకి బదులు వైదేహి వచ్చింది, బుల్లి ప్లాస్టిక్ గొట్టాల పెట్టె పట్టుకుని. తలా ఒక గొట్టంలో ఇంత ఉమ్మి వేసి ఇస్తే తప్ప కాఫీ పంపేది లేదంది. కాఫీ తాగిన నోటితో అయితే నమూనా పాడైపోతుందట.

"ఏందమ్మే, మీ ఊళ్లో మగపెళ్లోళ్లకి మర్యాదలు ఇట్టనే చేస్తారా?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. విడిదంతా ఘొల్లుమంది. తర్వాత అందరూ బుద్ధిగా ఉమ్మి ఇచ్చారు. మేనమామగారు ఉత్సాహం పట్టలేక రెండు గొట్టాలు నింపారు కూడా.

వైదేహి చిప్పలపాలెం నుంచి డాక్టరేటు దాకా చదివిన మొదటి మనిషి. విశాఖపట్నంలో జన్యువుల పరిశోధనశాలలో గణాంకాల నిపుణురాలు. ఆవిడ పుట్టిన తీరంలో ముప్పై ఐదు, నలభై ఏళ్ల మగాళ్లకి మూత్రపిండాలు ఎండిపోతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలీదు. ఇలాంటి రోగం జన్యువుల్లో ఎక్కడ దాక్కుందో కనిపెట్టడానికి ఒక దారి ఉంది. రోగులని ఒకవైపు, ఆరోగ్యవంతులని ఇంకోవైపు పెట్టుకుని, వాళ్ల జన్యువుల్లో ఏ అక్షరం రోగుల వైపు ఎక్కువగా కనపడుతోందో వెతకాలి. అయితే లక్షల మంది ఉంటే తప్ప ఆ లెక్క నిలబడదు. కొద్దిమందితో చేస్తే కాకతాళీయంగా కనపడినవన్నీ కారణాల్లాగే ఉంటాయి. వైదేహి పదేళ్లు కష్టపడి కొద్ది వందల మందితోనే నిజాన్ని తేల్చే పద్ధతి తయారుచేసింది. దానికి జల్లెడ అని పేరు పెట్టింది.

జల్లెడకి ఒకటే షరతు. రెండు వైపుల మనుషులూ రోగం విషయంలో తప్ప మిగతా అన్నిటా ఒకలాంటివాళ్లే అయి ఉండాలి. రోగులు ఆసుపత్రిలో దొరికారు, అందరూ ఈ తీరం వాళ్లే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే దొరకలేదు. ఆరోగ్యంగా ఉన్న మగాడు తెల్లారేసరికి సముద్రం మీద ఉంటాడు, ఆడమనిషి చేపల తట్టతో సంతలో ఉంటుంది. నిధులిచ్చినవాళ్లు గడువు ముంచుకొస్తోందని పీకల మీద కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఈ పెళ్లి వచ్చింది. ఆడపెళ్లివారైతే ఈ తీరం మనుషులు, కావలసినవాళ్లు వాళ్లే. కానీ వంటలనీ, పందిరనీ, నీళ్ల డ్రమ్ములనీ పరుగులు పెట్టే వాళ్లలో ఒక్కరైనా నిలబడి ఉమ్మితే కదా. తీరిగ్గా కాళ్లు జాపుకుని కూర్చునేది మగపెళ్లివారే.

ఆవిడకి అనుమానం రాలేదని కాదు. వచ్చింది. వాళ్లూ మనవాళ్లే కదా, ఒకటే కులం, ఒకటే పని, రక్తం మాత్రం వేరవుతుందా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. చూశారా, లెక్కల్లో తలపండిన మనిషి, ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషి, తీరా చేసి కులం పేరు ఒకటైతే రక్తం ఒకటేనని నమ్మేసింది. చిన్నప్పుడు అన్నంతోపాటు తిన్న మాట, ఏ చదువుకీ కరగలేదు.

జల్లెడ ఫలితం దివ్యంగా వచ్చింది. రోగుల్లో దాదాపు అందరికీ ఒక జన్యువులో ఒకచోట ఒక అక్షరం మారి ఉంది. ఆరోగ్యవంతుల్లో ఆ మార్పు ఎక్కడో ఒకరిద్దరికి తప్ప లేదు. అంత స్పష్టమైన ఫలితం ఆ రంగంలో ఎవరూ చూడలేదు. ఆ మార్పుకి 'గుర్తు' అని పేరొచ్చింది. పత్రికలు వైదేహి ఫొటో వేశాయి. చిప్పలపాలెంవాళ్లు ఆవిణ్ని పడవ మీద నిలబెట్టి ఊరేగించి శాలువా కప్పారు. వాళ్లమ్మ గురవమ్మ ఆ శాలువాని పెట్టెలో పెట్టకుండా, వచ్చినవాళ్లందరికీ కనపడేలా గోడకి మేకు కొట్టి తగిలించింది.

ఆ ఏడాదే విశాఖలో మూత్రపిండాలు మార్చే పెద్దాసుపత్రి ఒకటి జల్లెడని వాడడం మొదలుపెట్టింది. అక్కడే పోలమ్మ సంగతి వచ్చింది.

పోలమ్మ చిప్పలపాలెం పిల్లే. సంతలో చేపలమ్ముతుంది, వరసకి వైదేహిని వొదినా అంటుంది. తమ్ముడు ఎల్లాజీకి రెండు మూత్రపిండాలూ పోయాయి. వారం వారం రక్తం శుద్ధి చేయించుకుంటూ బతుకుతున్నాడు. అమ్మా నాన్నా లేరు. ఇచ్చేదెవరంటే పోలమ్మే ఇవ్వాలి. రక్తం గ్రూపు కలిసింది, మిగతా పరీక్షలన్నీ కలిశాయి. చివరికి జల్లెడలో పోలమ్మకి గుర్తు ఉందని వచ్చింది. గుర్తున్న మనిషికి రేపో మాపో రోగం వస్తుంది, అలాంటి మనిషి దగ్గర ఒక మూత్రపిండం తీసేస్తే మిగిలిన ఒక్కటీ పోతే గతేమిటి? ఆసుపత్రి ఒప్పుకోలేదు.

డాక్టర్లు చెబితే ఆ పిల్లకి అర్థం కాదేమో, మనూరి మనిషిని నేనే చెబుతానని వైదేహి వెళ్లింది. పక్కన కూచోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, విడమరిచి చెప్పింది. పోలమ్మ తల వంచుకుని వింది. ఏడవలేదు. తనకి రోగమెప్పుడొస్తాదని కూడా అడగలేదు. చీర చెంగు సర్దుకుని, "సరే వొదినా, నువ్వు సెప్పినావంటే నిజమే అవుతాది," అని లేచి వెళ్లిపోయింది. ఆ నమ్మకానికి వైదేహి ఆ రోజు లోలోపల మురిసిపోయింది కూడా. తర్వాత ఆ మురిపెం గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది.

ఊళ్లో కూడా గుర్తు తన పని తను చేసుకుపోయింది. పిల్లనడగడానికి వచ్చినవాళ్లు కట్నం మాట తర్వాత, ముందు గుర్తుందా లేదా చెప్పమనేవారు. ఆసుపత్రి పరీక్షలో గుర్తుందని తేలిన కుర్రాళ్లకి లోతుకెళ్లే బోట్లలో పని ఇవ్వడం మానేశారు, మధ్యలో ఏమైనా అయితే ఎవరు మోసుకొస్తారని.

తర్వాతి ఏడాది ఉగాది వెళ్లాక, జల్లెడని రాష్ట్రమంతటా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెడతామని కబురొచ్చింది. జూన్ చివర్లో మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభం. గంటలో ఫలితం చెప్పే చిన్న యంత్రం ఒకటి కొత్తగా తయారైంది. అది సరిగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి వైదేహి దాన్ని ఊరికి పట్టుకొచ్చి, చేతికందిన మొదటి మనిషిని, అంటే వాళ్లమ్మని, ఉమ్మమంది. గురవమ్మకి ఎనభై దగ్గర పడుతున్నాయి, ఈ నాటికీ గుక్క తిప్పుకోకుండా వీధి చివరిదాకా వినపడేలా తిట్టగలదు. పోయిన నెలే చేయించిన రక్తపరీక్షలో ఆవిడ మూత్రపిండాలు పడుచుపిల్లవిలా ఉన్నాయని డాక్టరు మెచ్చుకున్నాడు.

యంత్రం గుర్తుందంది.

వైదేహి తనది పరీక్షించుకుంది. ఉంది. పక్కింటి ముసలాయన్ని పిలిచింది. ఉంది. వలల షెడ్డు నీడలో పేకాడుకుంటున్న పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లింది. డెబ్బై దాటిన మనుషులు, జీవితమంతా సముద్రం మీద గడిపి ఇంకా గట్టిగా ఉన్నవాళ్లు. "గురవమ్మ కూతురికి మన ఉమ్మి మీద మనసు పడింద్రా," అని పరాచికాలాడుతూ ఉమ్మి ఇచ్చారు. అందరికీ గుర్తుంది. ఏ ఒక్కరికీ రోగం లేదు.

ఆవిడ సాయంత్రం బస్సుకే విశాఖ వచ్చి నేరుగా పరిశోధనశాలకి వెళ్లి పాత నమూనాలన్నీ మళ్లీ విడదీసింది. ఈసారి రోగం ఉందా లేదా అని కాదు, ఎవరు ఏ ఊరివాళ్లని. గుర్తున్నవాళ్లంతా ఇటు తీరం, లేనివాళ్లంతా అటు నెల్లూరు తీరం. తేడా గీత గీసినట్టుంది. ఈ రెండు తీరాల మనుషులూ ఎన్ని వందల ఏళ్లుగా ఒకళ్ల పిల్లని ఒకళ్లు చేసుకోలేదో, కులం పేరు ఒకటే అయినా రక్తం ఎంత దూరం జరిగిపోయిందో, అంతా అక్కడ తెర మీద ఉంది. జల్లెడ రోగాన్ని పట్టలేదు. ఆ పెళ్లిలో ఎవరు ఆడపెళ్లివారో, ఎవరు మగపెళ్లివారో పట్టింది. తను ఆ మాటకి రోగమని పేరు పెట్టి ఊరందరి నుదుటా రాసింది.

పోలమ్మ చెయ్యి పట్టుకుని చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. తల కొట్టేసినట్టయింది. అద్దం పెట్టిన గోడవైపు చూడలేక కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది.

మర్నాడు పరిశోధనశాల సంచాలకుడు రంగనాయకులు గారికి చెప్పింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన దుర్మార్గుడేం కాదు. అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు తప్పని చెబితే రేపు ఏ పల్లెలోనూ ఒక్కడు కూడా మనకి నమూనా ఇవ్వడనీ, ముందు సరైన మనుషుల నమూనాలు తెచ్చి జల్లెడని బాగుచేద్దామనీ, బాగుచేసిందే ప్రారంభంలో పెడితే ఎవరికీ నష్టం ఉండదనీ, ఈలోపు పాతది ఆసుపత్రిలో ఏదో మరమ్మతు పేరుతో ఆపించేస్తాననీ అన్నాడు. ఆపించాడు కూడా. పోలమ్మ సంగతి వైదేహి ఎత్తింది. ప్రారంభం కాగానే ఆవిణ్నే మొట్టమొదట పిలిపిద్దామన్నాడు.

సరేనంది వైదేహి. ఆయన గదమాయించాడని కాదు. సరేనంటే ఇవాళ పోలమ్మ ముఖం చూడక్కర్లేదు, అందుకని. అమ్మ గోడ మీది శాలువా ఇవాళే దించక్కర్లేదు, అందుకని. తప్పు చేసినందుకు సిగ్గుపడింది, సరే. ఆ సిగ్గు ఆవిణ్ని లేపి నడిపించిందా అంటే లేదు, నోరు కుట్టేసి మూల కూచోబెట్టింది. అది మొదటి తప్పు కన్నా పెద్ద తప్పు. ఆ సంగతీ ఆవిడకి తెలుసు.

వేట నిషేధం మొదలైంది. పడవలు ఒడ్డుకెక్కాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేసిన ఆ రోజుల్లో పల్లెలో మగాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉంటారు. వైదేహికి కావలసిన ఆరోగ్యవంతులు వాడ నిండా ఉన్నారు. రెండేళ్ల క్రితం ఆ పెళ్లప్పుడు ఇంకొన్నాళ్లు ఆగి, వేట ఆపిన రోజుల్లో వచ్చి ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి నమూనాలు తీసుకుంది. ఒక్క పోలమ్మ ఉండే సందు మాత్రం వదిలేసి చుట్టూ తిరిగి వెళ్లేది. ఒకసారి సంతలో ఎదురుపడితే కూరగాయల కొట్లోకి దూరి, అక్కర్లేని దొండకాయలు బేరమాడింది. పోలమ్మే చూసి వెనకనుంచి పలకరించింది. బాగున్నావా వొదినా అంది. దొండకాయలు ముదిరిపోయాయని కూడా చెప్పి వెళ్లింది.

కొత్త నమూనాలతో జల్లెడ ఏమీ పట్టలేకపోయింది. ఈసారి రెండు వైపులా ఒకలాంటి మనుషులే. రోగం ఏ అక్షరంలోనూ లేదు. నీళ్లలో ఉందో, ఉప్పులో ఉందో, ఎండలో ఉందో, వెతకవలసిన చోట ఇన్నాళ్లూ ఎవరూ వెతకలేదు. జన్యువుల్లో దొరికేసిందని అందరూ చేతులు దులుపుకున్నారు మరి.

జూన్‌లో పడవలకి రంగులేస్తున్న రోజుల్లో ఆవిడ ఊరికి వచ్చింది. అన్నం వడ్డిస్తూ గురవమ్మ మాటల్లో మాటగా, ఎల్లాజీకి ఈమధ్య ఆయాసం ఎక్కువైందనీ, పడుకోలేక రాత్రంతా స్తంభానికి ఆనుకుని కూర్చుంటున్నాడనీ చెప్పింది. వైదేహి చెయ్యి కడిగేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ సందులోకి నడిచింది.

ఇంట్లో ఎల్లాజీ ఒక్కడే ఉన్నాడు, అరుగు మీద స్తంభానికి జారబడి. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. వైదేహి నిలబడే చెప్పేసింది. జల్లెడ తప్పు, తనదే తప్పు, మీ అప్ప పోలమ్మకి ఏ రోగమూ లేదు, ఆ గుర్తుకీ రోగానికీ సంబంధమే లేదు, ఆవిడ ఇవ్వచ్చు.

ఎల్లాజీ కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. అతని ముఖంలో సంతోషం కనపడుతుందనుకుంది వైదేహి. కనపడలేదు.

"వొదినా, అప్పకి మాత్రం సెప్పకు," అన్నాడు. "ఆసుపత్రిలో వద్దన్నారని వచ్చి సెప్పిన రోజు, సానాళ్లకి కడుపునిండా అన్నం తిన్నాది. నాను సూసినాను. కత్తంటే దానికి సిన్నప్పటినుంచీ బయం. ఇప్పుడు నువ్వు సెప్తే కాదనలేదు. బలవంతంగా ఇచ్చీది నాకొద్దు."

తప్పు దిద్దుకోవడానికి వచ్చిన మనిషిని, ఆ తప్పునే ఇంకొన్నాళ్లు మోయమని అడుగుతున్నాడు. అంతలో తలుపు దగ్గర తట్ట దించిన చప్పుడైంది. పోలమ్మ ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలీదు. లోపలికి వచ్చి, బిందెలో నీళ్లు ముంచుకుని చేతులు కడుక్కుని, తమ్ముడి ముందు చతికిలబడింది.

"తిన్నాను," అంది. "నిజమే. ఆ రోజు బతికీసాననుకున్నాను. ఆనాటినుంచి నీ మొకం సూసి ముద్ద మింగలేకపోతన్నాను. ఇది సెప్పకుండా దాసుకుంటే నాకేటి సుకమొచ్చినాది?" తర్వాత వైదేహి వైపు తిరిగి, ఆసుపత్రికి ఎప్పుడు రమ్మంటారని అడిగింది. భయం ఎక్కడికీ పోలేదు. అయినా అడిగింది.

తన దగ్గర దాచుకున్నదంతా ఒక్క గుక్కలో కక్కేసిన ఆ మనిషి ముందు వైదేహి నిలువునా చచ్చిపోయింది. ఆ క్షణంలో తనూ చెప్పాల్సింది. నాకు ఈ సంగతి ఇవాళ తెలిసింది కాదు పోలమ్మా అని ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. కానీ పోలమ్మ తనవైపు ఎంత నమ్మకంగా చూస్తోందంటే, ఆ చూపు పోగొట్టుకోలేక మింగేసింది. రేపే వెళ్దాం, నేనే తీసుకెళ్తానంది.

తీసుకెళ్లింది. తన కారులోనే, ఎల్లాజీని వెనక సీట్లో దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టి. దారి పొడుగునా పోలమ్మ ఏవేవో అడుగుతూనే ఉంది. కోసినప్పుడు తెలుస్తుందా, మచ్చ ఎంతుంటుంది, ఎన్నాళ్లకి తట్ట ఎత్తచ్చు. వైదేహి అన్నిటికీ జవాబు చెప్పింది.

పరీక్షలన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మూత్రపిండాల డాక్టరు షమీమ్ ముగ్గుర్నీ కాదు, వైదేహినీ పోలమ్మనీ మాత్రం గదిలోకి పిలిచింది. పోలమ్మ మూత్రపిండాలు చక్కగా ఉన్నాయంది. ఇబ్బంది వాటితో కాదు. ఇన్నాళ్ల రోగం ఎల్లాజీ గుండె మీదికి వచ్చింది. గుండె బాగా నీరసించింది. ఇప్పుడు అంత పెద్ద ఆపరేషన్ పెడితే బల్ల మీదే పోతాడు. ఇంక రక్తం శుద్ధి చేస్తూ ఉన్నన్నాళ్లు చూసుకోవడమే.

పోలమ్మకి వెంటనే అర్థం కాలేదు. "నానిస్తానన్నాను కదమ్మా," అంది.

డాక్టరు మెత్తగానే చెప్పింది. "తెలుసమ్మా. ఏప్రిల్‌లో తీసుకొచ్చి ఉంటే చేసేసేవాళ్లం. అప్పటి పరీక్షలో గుండె బాగానే ఉంది. ఈ రెండు నెలల్లోనే దెబ్బతింది."

పోలమ్మ తల ఊపింది. ఏప్రిలంటే వేట ఆపిన నెల అని లోపల లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. అప్పుడు నెమ్మదిగా వైదేహి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఏ అనుమానమూ లేదు. తెలియని సంగతి తెలిసిన మనిషిని అడుగుతున్నట్టే అడిగింది.

"వొదినా, జల్లెడ తప్పని నీకెప్పుడు తెలిసినాది?"

నిన్న అని చెప్పచ్చు. పోలమ్మ నమ్ముతుంది. ఎదురుగా ఉన్న డాక్టరూ నమ్ముతుంది. ఊరు నమ్ముతుంది. గోడ మీద శాలువా అలాగే ఉంటుంది. వైదేహి కళ్లు దించుకుంది. నేల చీలి మింగేస్తే బాగుణ్ననిపించింది. నేల ఎక్కడిదక్కడే ఉంది.

"వేట ఆపక ముందే," అంది.